శ్రమదినాల దారి: మట్టల బూడిద నుంచి సమాధుల తోట దాకా

ఫిబ్రవరి 17, మంగళవారం

శ్రమదినాలంటే విభూది బుధవారం నుంచి ఈస్టర్ దాకా క్రైస్తవులు పాటించే నలభై రోజుల ఉపవాస కాలం. ముందు ఆ దారి లెక్క తేల్చుకోవాలి. 2026లో విభూది బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న వచ్చాయి. బుధవారం నుంచి ఈస్టర్ ముందురోజు వరకు లెక్కపెడితే ఫిబ్రవరిలో 11, మార్చిలో 31, ఏప్రిల్‌లో 4, మొత్తం 46 రోజులు. మరి నలభై అంటారేమిటంటే, ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు. ఆదివారం పునరుత్థాన దినం, ఆ రోజు ఉపవాసం ఉండదు. ఆరు రోజులు నడక, ఏడో రోజు మజిలీ. ఇది తెలియక ఆదివారం కూడా కడుపు మాడ్చుకునేవాళ్లు మూడోవారానికే చతికిలబడతారు.

కతోలికులు దీన్ని తపస్సు కాలం అంటారు. సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో శ్రమదినాలు అనే మాటే వినిపిస్తుంది. పెంతెకొస్తు, బ్రదరెన్ సంఘాల్లో చాలామంది ఈ క్యాలెండరు పాటించరు.

మంగళవారం అసలు పని, మర్నాడు నుదుట పెట్టే బూడిద తయారీ. కిందటేడు మట్టల ఆదివారం (ఈస్టర్ ముందటి ఆదివారం) నాడు ఇళ్లకు తీసుకెళ్లిన ఆకుల్ని వెనక్కి తెప్పించాలి. గుడి గుమ్మం దగ్గర ఒక బుట్ట పెట్టి రెండు ఆదివారాల ముందే చెప్పకపోతే మంగళవారం సాయంత్రానికి నాలుగు ఆకులు కూడా పోగవవు. ఏడాదిపాటు పటం వెనక ఉన్న ఆకు బాగానే ఎండి ఉంటుంది. కాని వర్షాకాలంలో చెమ్మ తగిలినవాటికి బూజు పడుతుంది, అవి మండవు, పొగ చిమ్ముతాయి. ఒక పూట ఎండలో వేస్తే సరి.

ఆకుల్ని ముక్కలు చేసి ఇనప మూకుడులో, ఆరుబయట, కొంచెం కొంచెంగా కాల్చాలి. మూకుడు నిండా కుక్కితే అడుగున గాలి ఆడక సగం పచ్చిగా మిగులుతుంది. నల్లగా, పెళుసుగా అయ్యాక మూకుడు మీద మూత పెట్టేయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పూర్తిగా కాలనిస్తే తెల్లటి బూడిద వస్తుంది, అది నుదుటి మీద కనపడదు, అంటుకోదు. కావలసింది నల్లటి పొడి. చల్లారాక కల్వంలో నూరి, పలచటి పాత చీర గుడ్డలో జల్లించాలి. ఈనెల ముక్కలు మిగిలితే నుదుటి మీద గీసుకుపోతాయి. సన్నగా జల్లించిన బూడిద ఒక టీ కప్పుడుంటే కొన్ని వందల నుదుళ్లకు సరిపోతుంది.

ఒక హెచ్చరిక. బూడిదలో నీళ్లు పోసి ముద్దగా కలిపి నిల్వ పెట్టకూడదు. వెనకటి రోజుల్లో చాకళ్లు బూడిద నీళ్లతో బట్టలు ఉతికేది ఊరికే కాదు, అందులో క్షారం ఉంటుంది. నుదుటి మీద గంటల తరబడి ఉంటే చర్మం మండుతుంది, పసిపిల్లలకు బొబ్బలు కూడా రావచ్చు. పొడిగానే వాడాలి. అంటుకోవడం లేదనుకుంటే రెండు మూడు చుక్కల నూనె కలిపితే చాలు.

ఫిబ్రవరి 18, విభూది బుధవారం

శివరాత్రి వెళ్లి మూడు రోజులైంది, చలి శివశివా అంటూ వెళ్లిపోయింది. తెల్లవారుజామున పూజకు స్వెటర్లు అక్కర్లేదు. ఈ వారంలోనే రంజాన్ నెల కూడా మొదలు కావడంతో ఒకే వీధిలో రెండు రకాల ఉపవాసాలు పక్కపక్కనే నడుస్తాయి.

వరసలో నిలబడ్డవాళ్ల నుదుటి మీద గురువు (ఫాదర్) బొటనవేలితో సిలువ గుర్తు వేస్తారు. మాట ఆదికాండం మూడో అధ్యాయంలోది: "నీవు మన్నే గనుక తిరిగి మన్నై పోదువు." లేదా మార్కు సువార్తలోని మారుమనసు పిలుపు చెబుతారు. జనం ఎక్కువగా ఉండే విచారణల్లో (ఒక గురువు కింద ఉండే కతోలిక సంఘాల్లో) రెండు గిన్నెలు పెట్టి రెండు వరసలు నడిపితే పిల్లల తల్లులకు ఇబ్బంది ఉండదు. చేతులు కడుక్కోవడానికి నిమ్మచెక్క, సబ్బు పక్కనే పెట్టాలి. లేకపోతే ఆ నల్లటి వేళ్లు పూజ గుడ్డల మీద పడతాయి, మరక వదలదు.

తిండి నియమం చిన్నదే. కతోలిక సంఘంలో విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే), ఈ రెండు రోజులే తప్పనిసరి ఉపవాసం. రోజుకు ఒక్క పూట నిండు భోజనం. మిగతా రెండు పూటలు కొద్దిగా తినవచ్చు, ఆ రెండూ కలిపినా నిండు భోజనం కాకూడదు. పొద్దున గ్లాసు రాగిజావ, మధ్యాహ్నం పప్పన్నం, రాత్రి రెండు ఇడ్లీలు అంటే నియమం దాటినట్టు కాదు. పద్దెనిమిది నిండినవాళ్ల నుంచి అరవయ్యో ఏడు మొదలయ్యేదాకా ఇది వర్తిస్తుంది. మాంసం మానడం మాత్రం పద్నాలుగు నిండిన అందరికీ, ఈ రెండు రోజులతో పాటు శుక్రవారాలన్నిటికీ. చట్టంలో చేప, గుడ్డు మాంసం కింద రావు. మన ఇళ్లలో ఆ తేడా చెల్లదు. నీచు అంటే అన్నీ నీచే, చాలామంది నలభై రోజులూ ముట్టరు. అది ఇంటి ఆచారం, సంఘం విధించింది కాదు. ఈ రెండిటినీ కలిపేసుకుని, చేప తిన్న పక్కింటివాణ్ణి తప్పుపట్టేవాళ్లు ప్రతి విచారణలోనూ ఉంటారు.

ఫిబ్రవరి 19, 20

బుధవారం పొద్దున టీ, కాఫీ ఒక్కసారిగా మానేసినవాళ్లకు గురువారం నుంచి తలనొప్పి. ఇది సైతాను శోధనేమీ కాదు, కెఫీన్ అలవాటు తప్పినందుకు వచ్చేది. కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. ముందు వారమే నాలుగు కప్పుల్ని రెండుకు, రెండును ఒకటికి తగ్గించుకుంటే ఈ బాధ ఉండదు.

షుగరు మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా పూట మానకూడదు. మాత్ర వేసుకుని అన్నం మానేస్తే షుగరు పడిపోయి గుడిలోనే కళ్లు తిరుగుతాయి. రోగులకు, గర్భిణులకు, బాలింతలకు నియమం వర్తించదని సంఘమే చెబుతోంది. నీళ్లు తాగొద్దని ఏ నియమమూ లేదు. మార్చి ఎండల్లో నీళ్లు మానడం భక్తి కాదు, మొండితనం.

ఇరవయ్యో తేదీ మొదటి శుక్రవారం. సాయంత్రం సిలువ మార్గం, అంటే యేసు సిలువ మోసిన దారిని ఒక్కో ఘట్టం దగ్గరా ఆగి ప్రార్థిస్తూ తలచుకోవడం. పద్నాలుగు స్థలాలు. ఈ సంఖ్యను 1731లో పన్నెండో క్లెమెంట్ పోపు స్థిరపరిచారు. మూడు, ఏడు, తొమ్మిది స్థలాల్లో ప్రభువు కిందపడడం, నాలుగో స్థలంలో తల్లి ఎదురుకావడం, అయిదులో కురేనీయుడైన సీమోను భుజం పట్టడం. ఒక్కో స్థలానికి మూడు నిమిషాలు పెట్టుకుంటే ముప్పావు గంటలో ముగుస్తుంది. ప్రతి స్థలం దగ్గరా చదివేవాళ్లు మారితే, సొంత ప్రసంగం జోడిస్తే, గంటన్నరకు పోతుంది. ఎనిమిదో స్థలం దగ్గరికి పిల్లలు నేలమీద నిద్రపోతుంటారు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మలు పద్నాలుగు సార్లు మోకరించి లేవడం అయ్యే పని కాదు. కుర్చీలు గోడవారగా కాక నడవ పక్కనే వేస్తే వాళ్లు కూర్చున్నచోటే కాస్త కాస్త తిరిగి స్థలంవైపు చూడగలరు.

ఫిబ్రవరి 22, మొదటి మజిలీ

ఎడారిలో శోధన పాఠం. పీఠం మీద పూలు లేవు, గుడ్డలు ఊదా రంగు. అల్లెలూయా పాడరు, మహిమ గీతం పాడరు. కీబోర్డు, తబలా పాటను నిలబెట్టడానికి మాత్రమే. పాటల బృందం అలవాటుకొద్దీ అల్లెలూయా అందుకుని నాలుక కరుచుకోవడం మొదటి ఆదివారం ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది.

సోమవారం నుంచి రోజులు ఒకేలా గడుస్తాయి. లూథరన్, సీఎస్‌ఐ గుళ్లలో సాయంత్రం కూడికలుంటాయి. కొన్ని ఇళ్లలో పొయ్యి మీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీసి విడిగా డబ్బాలో వేసే అలవాటుంది. పిడికెడు అంటే సుమారు యాభై గ్రాములు. రోజుకు రెండు పూటలు, నలభై రోజులకు నాలుగు కిలోలు. ఇంటికి నాలుగు కిలోలు వచ్చే ఊళ్లో యాభై ఇళ్లు కలిస్తే రెండు క్వింటాళ్లు. దీనికి ఒకే షరతు: తాము వండుకునే బియ్యమే తీయాలి. రేషను పురుగుబియ్యం వేరే సంచిలోంచి తెచ్చి పోస్తే అది త్యాగం కాదు, వదిలించుకోవడం.

మార్చి 8, మూడో మజిలీ

ఆదివారం పాఠాల వరస మూడేళ్లకోసారి తిరిగొస్తుంది, ఈ ఏడు మత్తయి సువార్త వంతు. మత్తయి ఏడు ఈ మూడు ఆదివారాలకు మాత్రం వేరే పాఠాలు: మూడో ఆదివారం సమరయ స్త్రీ, నాలుగో ఆదివారం పుట్టుగుడ్డి, ఐదో ఆదివారం లాజరు. మూడూ యోహాను సువార్తలోవే, మూడూ పెద్ద పాఠాలే. నీళ్లు, వెలుగు, ప్రాణం అన్న వరస వల్లే తొలినాళ్ల నుంచి ఈస్టర్ రాత్రి బాప్తిస్మం తీసుకోబోయేవాళ్లకు వీటితో శిక్షణ ఇచ్చారు. నిలబడి వినాల్సిన పాఠం పొడుగ్గా సాగుతుంది. ముగ్గురు చదివేలా పంచుకుంటే జనం చెవి పెడతారు.

ఇక్కడి నుంచి దారి ఎగుడు. కొత్తదనం పోయింది, గమ్యం కనపడదు. పదో తరగతి పరీక్షల కాలం, సాయంత్రం కూడికలకు తల్లులు రారు. శుక్రవారం సిలువ మార్గానికి మొదటి వారం వచ్చిన జనంలో సగం వస్తే గొప్ప. ఇలాంటప్పుడు కొత్త నియమాలు తగిలించుకోవడం కన్నా ఉన్న ఒక్కదాన్ని వదలకపోవడమే మేలు.

ఊరు కదలాలనుకునే సంఘాలకు మెదక్ కెథడ్రల్ దగ్గర మజిలీ. కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరకాలని పోస్నెట్ అనే మిషనరీ దొర మొదలుపెట్టిన కట్టడం, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. లోపల మూడు రంగుటద్దాల కిటికీలు: జననం, సిలువ, ఆరోహణం. క్రిస్మస్‌కు వచ్చే లక్షల జనం పుట్టుకను చూసి వెళతారు. శ్రమదినాల్లో వెళ్లినవాళ్లు సిలువ కిటికీ ముందు తీరిగ్గా కూర్చోవచ్చు. బయటి ఎండ లోపలికి వస్తేనే ఆ రంగులు పలుకుతాయి. పొద్దు వాలాక వెళితే కనపడేది నల్లటి గాజు, సీసపు గీతలు. బస్సు ఆలస్యంగా బయల్దేరే బృందాలు పోగొట్టుకునేది దీన్నే.

మార్చి 15, 19, 22

పదిహేనో తేదీ నాలుగో ఆదివారం. గులాబీ రంగు వస్త్రం వేసుకోవచ్చు, పూలు పెట్టవచ్చు. సగం దారి దాటినందుకు ఒక పూట తెరిపి. గులాబీ వస్త్రం లేని విచారణలే ఎక్కువ, ఊదాతోనే కానిస్తారు.

పంతొమ్మిది గురువారం ఉగాది, పునీత యోసేపు పండుగ, రెండూ ఒక్క రోజే. కతోలిక గుళ్లలో ఆ రోజు తెల్ల వస్త్రం, మహిమ గీతం పాడతారు, అల్లెలూయా మాత్రం లేదు. పక్కింటి నుంచి బొబ్బట్లు, పులిహోర వస్తాయి. ఉపవాసమని తిప్పి పంపేవాళ్లున్నారు. అది సరికాదు. మీరు ఉపవాసమున్నట్టు మనుషులకు కనబడవద్దని మత్తయి ఆరో అధ్యాయం చెబుతోంది, విభూది బుధవారం చదివే పాఠమే అది. గిన్నె తీసుకుని, తినేదేదో ఇంట్లో తేల్చుకోవాలి.

ఉగాదికి ఈ దారితో ఇంకో చుట్టరికం ఉంది. వసంత విషువత్తు లెక్క మార్చి 21న గాని ఆ తర్వాత గాని వచ్చే పున్నమి, ఆ పున్నమి తర్వాతి ఆదివారం ఈస్టర్. ఈ ఏడు ఉగాది నెలవంక పెరిగి చైత్ర పున్నమి అయ్యేసరికి ఏప్రిల్ 2, పవిత్ర గురువారం. యూదుల పస్కా పున్నమి పండుగ కాబట్టి, యేసు పట్టుబడిన గెత్సేమనే తోటలో ఆ రాత్రి వెన్నెల ఉండేది. పంచాంగం చూసి ఈస్టర్ ఎప్పుడో చెప్పగలిగే పెద్దవాళ్లు ఊళ్లలో ఉన్నారు.

ఇరవైరెండు ఐదో ఆదివారం. సిలువలకు, స్వరూపాలకు ఊదా గుడ్డ కప్పుతారు. కప్పే గుడ్డకు పైన నాడా కుట్టి ఉంచితే శుక్రవారం సిలువను ఆవిష్కరించేటప్పుడు ఒక్క లాగుతో జారుతుంది. గుండుసూదులతో బిగిస్తే అందరూ చూస్తుండగా పీకుతూ నిలబడాలి.

మార్చి 27, శుక్రవారం

గుణదల. 1924లో ఫాదర్ అర్లాటి లూర్దుమాత స్వరూపం నిలిపిన కొండ. తపస్సు కాలంలో కొండమీది సిలువ దాకా మెట్లెక్కుతూ సిలువ మార్గం చేసే బృందాలు వస్తాయి. బెజవాడ మార్చి ఎండ గురించి చెప్పేదేముంది. పొద్దున ఐదున్నరకు మొదలుపెడితే ఏడున్నరకు దిగిపోవచ్చు. తొమ్మిది దాటితే రాతిమెట్టు మీద ఉత్తకాలు పెట్టలేరు. మనిషికి లీటరు నీళ్లు, వెనక నడిచేవాళ్లలో ఒకరి దగ్గర ఉప్పు చక్కెర పొట్లాలు. ముసలివాళ్లను ముందు నడవనివ్వాలి, వాళ్ల అడుగును బట్టే బృందం నడవాలి. యువకులు పెద్ద సిలువ మోస్తే భుజాలు మార్చుకునే వరస ముందే చెప్పుకోవాలి, మెట్ల మీద ఆగి వాదించుకునే చోటు ఉండదు.

మార్చి 28, 29: మట్టలు

శనివారం మట్టలు కోసే రోజు. పల్లెల్లో ఈత మట్ట, కోస్తాలో కొబ్బరి. ఈత మట్టకు మొదట్లో ముళ్లు. అడుగున జానెడు మేర ముళ్లు చెక్కెయ్యకుండా పిల్లల చేతికి ఇస్తే ఊరేగింపు మధ్యలో ఏడుపులు. కోసినవాటిని తడి గోనెసంచుల్లో చుట్టి నీడన పెట్టాలి.

ఆకు సిలువ చేయడం ఇలా. లేత కొబ్బరాకు ఒకటి తీసుకుని మధ్య ఈనె లాగేస్తే రెండు పట్టీలొస్తాయి. ఒక పట్టీలోంచి జానెడు ముక్క నిలువుకు, బెత్తెడు ముక్క అడ్డానికి. నిలువు ముక్కకు పైనుంచి మూడో వంతు దగ్గర పట్టీ పొడవునా కత్తి మొనతో చిన్న గాటు, అడ్డం ముక్క వెడల్పుకు సరిపోయేంత. అడ్డం ముక్కను అందులోంచి దూర్చి రెండు వైపులా సమంగా లాగి, చివర్లు వెనక్కి మడిచి మళ్లీ ఆ గాట్లోనే దోపాలి. కొబ్బరాకు నరాలు పొడవునా సాగుతాయి కాబట్టి ఆకు కాస్త ఎండినా గాటు చివరి దాకా చీలిపోతుంది. అందుకే పట్టీలను నీళ్ల బకెట్లో ఉంచి ఒక్కొక్కటే తీసి చేయాలి. చేయి తిరిగిన ఇద్దరు గంటకు వంద దాకా లాగుతారు.

ఆదివారం హోసన్న పాటలతో ఊరేగింపు. ఆ మాటకు అర్థం "ఇప్పుడు రక్షించు" అని. జయజయధ్వానంలా పాడతాం గాని, అది మొర. గుడిలోకి వెళ్లగానే మత్తయి రాసిన శ్రమల వృత్తాంతం మొత్తం చదువుతారు, పావుగంట మట్టలు పట్టుకు ఊపినవాళ్లే "సిలువ వేయుము" అని అరిచే జనం పాత్ర చదవాలి.

మార్చి 30 నుంచి ఏప్రిల్ 1

ఈస్టర్ వేకువన అందరూ వెళ్లే సమాధుల తోటను శుభ్రం చేసే రోజులు. పిచ్చిమొక్కలు పీకడం సోమవారం, సున్నం మంగళ బుధవారాల్లో. సున్నం ముందురోజు రాత్రే నానబెట్టి వడకట్టి, కాస్త జిగురు కలిపి రెండు పూతలు. మొదటి పూత పూర్తిగా ఆరకముందే రెండోది వేస్తే పొరలు లేస్తాయి. కొందరు శనివారం సాయంత్రం హడావిడిగా పూస్తారు. ఆదివారం వేకువన చీకట్లో ఆనుకున్న ప్రతి చీరకూ ఆ సున్నం అంటుకుంటుంది.

ఏప్రిల్ 2, పవిత్ర గురువారం

సాయంత్రం ప్రభు రాత్రి భోజన పూజ. పన్నెండుమంది పాదాలు కడుగుతారు. 2016 నుంచి స్త్రీలను కూడా పిలవవచ్చని పోప్ ఫ్రాన్సిస్ అనుమతించారు. పన్నెండు తువ్వాళ్లు, రెండు చెంబులు, ఒక వెడల్పు పళ్లెం. కడిగిన నీళ్లు పారబోసే బకెట్ మరిచిపోతే మూడో మనిషి దగ్గరే పళ్లెం నిండుతుంది.

గురువు తరఫున గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. శుక్రవారం పూజ ఉండదు. శుక్రవారం పంచే సత్ప్రసాదం (పూజలో ఇచ్చే రొట్టె) కూడా గురువారమే అభిషేకించి దాచాలి. గుడ్ ఫ్రైడేకు మామూలు ఆదివారం కన్నా ఎక్కువ జనం వస్తారు, లెక్క తప్పితే ముక్కలు విరుచుకుంటూ పంచాల్సి వస్తుంది. మహిమ గీతం దగ్గర గంటలు మోగి, ఆపైన శనివారం రాత్రి దాకా మూగబోతాయి. పీఠం మీది గుడ్డలన్నీ తీసేస్తారు. బయట పున్నమి వెన్నెల, లోపల అర్ధరాత్రి దాకా ఆరాధన.

ఏప్రిల్ 3, గుడ్ ఫ్రైడే

తెల్లబట్టలు. చాలా సంఘాల్లో పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ప్రసంగాలు. ఈ మూడు గంటల ఆరాధన పెరూలోని లిమా నగరంలో జెసూట్ గురువు అలోన్సో మెసియా మొదలుపెట్టింది. మన దగ్గర కతోలికేతర సంఘాల్లోనే ఎక్కువగా పాతుకుపోవడం విచిత్రం.

ఏడు మాటలు ఒకే సువార్తలో లేవు. లూకాలో మూడు, యోహానులో మూడు, "నా దేవా, నా దేవా" అన్నది మత్తయి, మార్కుల్లో. నూట ఎనభై నిమిషాల్ని ఏడుగురికి పంచితే ఒక్కొక్కరికి పాతిక. అందులో పాట అయిదు, ప్రార్థన మూడు, ప్రకటన, మనుషులు మారడం రెండు. మిగిలేది పదిహేను. మొదటి మాట చెప్పే పెద్దాయన ముప్పావుగంట తీసుకుంటారు, రెండో ఆయన తగ్గరు, చివరికి "సమాప్తమైనది" చెప్పాల్సిన కుర్రాడికి అయిదు నిమిషాలు మిగులుతాయి. అసలు బరువు ఆ చివరి రెండు మాటల మీదే. గోడగడియారం ప్రసంగవేదికకు ఎదురుగా పెట్టి, సమయం చూసే బాధ్యత మొహమాటం లేని ఒక అమ్మగారికి అప్పగిస్తే మూడింటికి ముగుస్తుంది.

కువైట్‌లో పనిచేసే మన కడప, గోదావరి జిల్లాల వాళ్లకు శుక్రవారం వారపు సెలవు. గుడ్ ఫ్రైడే ఎప్పుడూ చేతికందుతుంది. ఈస్టర్ ఆదివారం మాత్రం డ్యూటీ, అందుకే వాళ్లకు శనివారం రాత్రే పండుగ.

ఏప్రిల్ 4, శనివారం

పగలంతా ఏమీ లేదు. ఆ ఖాళీని ఖాళీగా ఉంచాలి.

రాత్రి పాస్కా (ఈస్టర్) జాగరణ. ఆరుబయట కొత్త నిప్పు. ఎండు కొబ్బరి పీచు, సన్న పుల్లలు చాలు, కిరోసిన్ పోస్తే గుడంతా వాసన. పాస్కా వత్తి (పెద్ద కొవ్వొత్తి) మీద సిలువ, ఆల్ఫా, ఒమేగా, 2026 అంకెలు, అయిదు సాంబ్రాణి గింజలు. ఏప్రిల్ వేడికి నిలబెట్టిన మైనపు వత్తి ఒరిగిపోతుంది, ఆ సాయంత్రం దాకా చల్లటి గదిలో పడుకోబెట్టి ఉంచాలి. పాత నిబంధన పాఠాలు ఏడు. సమయం లేక తగ్గించుకున్నా నిర్గమకాండం పద్నాలుగు, ఎర్రసముద్రం దాటడం, వదలకూడదు. తర్వాత గంటలు, దీపాలు, నలభై ఆరు రోజుల తర్వాత అల్లెలూయా. దాన్ని మూడుసార్లు, ఒక్కోసారి ఒక్కో స్వరం పెంచుతూ ఎత్తుకుంటారు. మొదటిది ఎత్తులో పట్టుకుంటే మూడోదానికి గొంతు చాలదు.

ఏప్రిల్ 5, ఈస్టర్ వేకువ

నాలుగు గంటలకు సమాధుల తోట. బంతిపూల దండలు, అగరొత్తులు, సమాధి తలవైపు నాలుగైదు కొవ్వొత్తులు. గాలికి ఆరిపోకుండా మట్టి ప్రమిదలో ఇసక పోసి గుచ్చేవాళ్లు తెలిసినవాళ్లు. ప్లాస్టిక్ పూలదండలకు దూరంగా వెలిగించాలి, ఏటా ఎక్కడో ఒకచోట అవి అంటుకుంటాయి. ఎవరూ రాని సమాధులు ప్రతి తోటలోనూ ఉంటాయి. వాటి కోసం యువజనులు ఒక పెట్టె కొవ్వొత్తులు అదనంగా తెస్తారు.

అయ్యగారు "క్రీస్తు లేచెను" అంటే జనం "నిజముగా లేచెను" అంటారు. ఆరు గంటల ప్రాంతంలో పొద్దు పొడిచేసరికి కొవ్వొత్తుల వెలుగు పలచబడుతుంది. పిల్లలు సగం కాలిన వత్తులు ఏరుకుంటారు. వాళ్లను ఆపకండి, సున్నం మీద కరిగి అంటుకున్న మైనం గీకడం కన్నా అదే నయం. తోట బయట చికెన్ కొట్టు ముందు అప్పటికే తెల్లచీరలు, తెల్లచొక్కాలు వరస కట్టి ఉన్నాయి.